అంతయ్య ఒట్టు

చలికాలం వస్తే అంతయ్య మేజోళ్ళు కాళ్ళకి కాదు, చేతులకి తొడుక్కునేవాడు. గ్లౌజులు కొనుక్కోలేక కాదు. కొడుకు ధనరాజ్ అల్మాస్‌గూడలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఇంటి ముందు రెండు కార్లుంటాయి. అయినా ఆయన పద్ధతి ఆయనది. తలకి మంకీ క్యాప్, దాని మీద మఫ్లరు, స్వెట్టరు కింద రొమ్ముకి అడ్డంగా నిన్నటి పేపరు, చేతులకి కొడుకు పాత మేజోళ్ళు. ఈ వేషంలో తెల్లవారుజామున అయిదున్నరకి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగి బెల్లు కొడితే, వాచ్‌మన్ మొదటి రోజు దొంగేమోనని కర్ర తీశాడు.

నా పేరు త్రినాథరావు. మాది భీమవరం దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్ళు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి, గొంతు అరగదీసుకుని, సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక ఫ్లాట్ కొనుక్కుని కూర్చున్నాను. క్లాసులో నాకు తెలియదు అన్న మాట ఒక్కసారి కూడా అనలేదని చాలాకాలం గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే పోనిమ్మనుకోవచ్చు, మునిగింది అంతయ్యది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనతో పరిచయం అయింది మూడేళ్ళ క్రితం, నవంబరులో. షుగరు వచ్చిందని డాక్టరు ఏదో ఒక వ్యాయామం చెయ్యమంటే, అరవై రెండేళ్ళ వయసులో గేర్ల సైకిలొకటి కొన్నాను. కొన్న పదిహేను రోజులకే చెరువు కట్ట మీద చెయిన్ బిగుసుకుపోయింది. నేను దాన్ని తలకిందులు చేసి బుర్ర గోక్కుంటుంటే, వెనక క్యారియరుకి రెండు పక్కలా ఇనుప కొక్కేలున్న నల్లటి పాత సైకిలొకటి వచ్చి ఆగింది.

"ఏం నూనె పోసినవ్ సారు?" అన్నాడు ఆ మనిషి, చెయిన్ వేలితో తడిమి చూసి.

"కొబ్బరి నూనె."

ఆయన నవ్వాపుకోలేక మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "చలికాలంల కొబ్బరి నూనె పేరుకుంటది గద సారు. నెత్తికి పెట్టుకునేది చెయిన్‌కి పెడ్తివి." అక్కడే కూర్చుని, గుడ్డతో ఆ పేరుకున్నదంతా గీకి, చెయిన్ ఎక్కించి, చేతులు తన పంచెకే తుడుచుకున్నాడు. తర్వాత నా మొహంలోకి తేరిపార చూసి, "నువ్వు లెక్కల సారువు గద. నీ కోచింగ్ పక్కన పోరగాండ్ల హాస్టల్ ఉండె. పొద్దుగాల పన్నెండు లీటర్లు పోస్తుంటి. నువ్వు గేట్ల నిలబడి అందర్ని తిడ్తుంటివి" అన్నాడు.

నిజమే, తిట్టేవాణ్ణి. పాలవాణ్ణి మాత్రం ఏనాడూ చూసిన గుర్తు లేదు నాకు.

అంతయ్య పుట్టింది అల్మాస్‌గూడలో, అది ఊరుగా ఉన్న రోజుల్లో. ఆధార్ కార్డు ప్రకారం అరవై ఎనిమిది, ఆయన లెక్క ప్రకారం డెబ్బై రెండు. పదిహేనో ఏట సైకిలెక్కి, రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకుని, కర్మన్‌ఘాట్ మీదుగా సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్ దాకా పాలు పోశాడు. నలభై ఏళ్ళు. తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, బర్రెలు పోయాయి, కొడుకు చేతికొచ్చాడు. అందరూ హాయిగా కూర్చోమన్నారు. వేసవిలో, వానల్లో కూర్చునేవాడు కూడా. దీపావళి దాటి చలిగాలి తగిలిందంటే మాత్రం ఆగలేకపోయేవాడు. బర్రెలు పాలెక్కువిచ్చేది చలికాలంలోనేనట, అందుకని ఆయన కష్టపడిందంతా ఆ నాలుగు నెలల్లోనే. "పాలు బంద్ అయినయ్ గని కాళ్ళు బంద్ కాలె సారు. ఈ దినాలొస్తే పండుకోనియ్యవు" అనేవాడు.

ఆ రోజు నుంచి నన్ను తోడు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. చెరువు కట్ట నుంచి దిల్‌సుఖ్‌నగర్, అక్కడి నుంచి మెట్రో స్తంభాల పక్కనే చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్. అక్కడ ఒక టీ. తర్వాత బైరామల్‌గూడ మీదుగా కర్మన్‌ఘాట్, ఆ పైన ఆయన దారి ఆయనది, నా దారి నాది. ఆ దారిలో ఆయనకి తెలియని గోడ లేదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు చూపించి, "గీడ విజయశ్రీ మేడం ఇల్లుండె, లీటరున్నర. దుకాణముంది సూడు, గది భానుమూర్తి సారు ఇల్లు. ముప్పావు లీటరే గని పైసల్ సరిగ్గ ఒకటో తారీకు ఇస్తుండె" అనేవాడు. నాకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన దిల్‌సుఖ్‌నగర్ హోర్డింగులూ కోచింగ్ సెంటర్లూ. ఆయనకి తెలిసిన దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషులు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాళ్ళు. వింటూ వెనక తొక్కుతుంటే చలి తెలిసేది కాదు.

మొదటి రెండు చలికాలాలు నా జీవితంలో మంచి రోజులు. ఈ మాట మా ఆవిడ కోటేశ్వరమ్మ వింటే ఏమనుకుంటుందో గానీ, నిజం. చలిలో ఎలా తొక్కాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చాలి. చెమట పట్టాక ఎక్కడా ఆగకూడదు. మంచులో ముందు వెళ్ళేవాడు గుంత కనబడితే రెండుసార్లు బెల్లు కొట్టాలి. ఎప్పుడూ ముందు వెళ్ళేది ఆయనే కాబట్టి బెల్లు ఆయనే కొట్టేవాడు, నేను తప్పుకునేవాణ్ణి. ఆ రెండేళ్ళూ నేను ఒక్క గుంతలో పడలేదు.

ఒకరోజు ఎల్బీనగర్‌లో టీ తాగుతూ ఆయన నాకొక సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు కల్లు బాగా తాగేవాడట. ఒకనాడు తాగి క్యాన్లతో సహా కాలువలో పడితే, భార్య కృష్ణమ్మ తన నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుందట.

"ఇరవై ఏడేండ్లయింది సారు. పెండ్లిళ్ళల్ల, బోనాలల్ల, మా తమ్ముడు సచ్చిన నాడు గూడ ముట్టలే. నా వల్ల దానికేమన్న అయితే ఎట్ల? నువ్వు ఎవలికి చెప్పకు. మా ధనరాజ్‌కి గూడ తెల్వదు. తండ్రి తాగుబోతుండె అని కొడుక్కి ఎందుకు?"

చెప్పనన్నాను.

మూడో చలికాలం వచ్చేసరికి నా మోకాళ్ళు నాకు ఎదురు తిరిగాయి. అరవై నాలుగు నిండాయి. ఆయనకి నాకంటే ఎనిమిదేళ్ళు ఎక్కువే, కానీ నలభై ఏళ్ళు క్యాన్లు మోసిన కాళ్ళు ఆయనవి, బోర్డు ముందు సుద్దముక్కతో నిలబడిన కాళ్ళు నావి. బైరామల్‌గూడ ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కుడి మోకాలిలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉండేది. ఆ మాట చెప్పి, కాస్త నెమ్మదిగా పోదామంటే సరిపోయేది. చెప్పలేదు. బూటు లేసు ఊడిందని ఆగేవాణ్ణి. రాని ఫోను చెవికి పెట్టుకుని ఊరికే హలో హలో అనేవాణ్ణి. ఒకసారైతే ఫ్లైఓవరు మీద ఆగి సూర్యోదయం చూస్తున్నానన్నాను, ఆ రోజు మంచు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయన పైన ఆగి, ఓపిగ్గా నాకోసం చూస్తూ నిలబడేవాడు. అలా ఆయన నిలబడటమే నాకు కంటగింపుగా ఉండేది. పాలు పోసుకునేవాడు నాకోసం ఆగడమేమిటి అన్న పాడు బుద్ధి కూడా మనసులో ఎక్కడో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ డిసెంబరులో కర్మన్‌ఘాట్ దగ్గర నీళ్ళ ట్యాంకరు కారిన చోట ఆయన సైకిలు జారింది. మోచెయ్యి చీరుకుపోయింది, అంతకంటే ఏం కాలేదు. నేనే సీసాలో నీళ్ళతో కడిగి రుమాలు కట్టాను. మర్నాడు సాయంత్రం ధనరాజ్ మా ఇంటికొచ్చాడు. కూడా భార్య అంబిక. పళ్ళు తెచ్చారు. ధనరాజ్ మంచివాడు, మాటలో కల్మషం లేదు.

"సార్, బాపు మీ మాట ఇంటడు. ప్లాట్లు చూడనీకి వచ్చినోళ్ళు, పాత సైకిల్ మీద పొయ్యేది మీ నాయినేనా అంటరు. గది నేను పట్టించుకోను సార్, నిజంగ. గని గీ చలిల, గీ మంచుల, పడి తుంటి ఇరిగితే ఎట్ల? మేం చెప్తే నవ్వుతడు. మీరు జర చెప్పి మాన్పియ్యండి."

హెడ్‌లైటు ఒకటి పెట్టించండి, ఎండ వచ్చాక పంపండి, హెల్మెట్ కొనండి. ఇవన్నీ నాకు తోచాయి. ఏ ఒక్కటీ నోటితో అనలేదు. ఆయన మానేస్తే నేనూ మానెయ్యొచ్చు, నా మోకాళ్ళ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, అంతయ్య రావడం లేదు కాబట్టి నేనూ వెళ్ళడం లేదని దర్జాగా దుప్పటి కప్పుకోవచ్చు. ఇది నాకు ఒక్క క్షణంలో తట్టింది. లెక్కల మేష్టారి బుర్ర కదా, మెట్లు వదిలేసి నేరుగా జవాబుకి వెళ్ళిపోయింది.

"మీ నాన్నగారు చెబితే వినే మనిషి కాదు. ఒట్టు వేస్తే మాత్రం తప్పడు. మీ పాప చేత అడిగించండి" అన్నాను.

ఆదివారం పాప సాయిప్రియ పుట్టినరోజు. తొమ్మిదేళ్ళు. నన్నూ కోటేశ్వరమ్మనీ భోజనానికి పిలిచారు. భోజనాలయ్యాక ఆ పిల్ల తాత ఒడిలోకెక్కి, ఆయన చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"తాతా, నా మీద ఒట్టు. ఇంక సైకిల్ ఎక్కవని చెప్పు."

పిల్లకి అది ఆటే. అంతయ్య మొహం మాత్రం తెల్లబోయింది. చెయ్యి తీసేయబోయాడు. పిల్ల రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన కొడుకు వైపు చూశాడు, కృష్ణమ్మ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను పాయసం గిన్నెలోకి చూస్తున్నాను.

"ఒట్టు బిడ్డా. ఇగ సైకిల్ ఎక్కను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు నేను ఏడింటి దాకా పడుకున్నాను. ఒళ్ళు ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. "అంతయ్య మానేశాడు, ఒక్కణ్ణే ఏం వెళ్తాను" అని మా ఆవిడతో అంటే, పాపం ఆవిడ నమ్మింది.

ఆ సుఖం పదిహేను రోజులు కూడా నిలవలేదు. ఒక మంగళవారం పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికని ఇద్దరం ఆటోలో వెళ్తున్నాం. మంచు బాగా కురుస్తోంది. గుడి మలుపు దగ్గర మంకీ క్యాప్, మఫ్లరు, చేతులకి మేజోళ్ళు కనబడ్డాయి. అంతయ్య సైకిలు పక్కన పట్టుకుని నడిపించుకుంటూ వస్తున్నాడు. ఆటో ఆపించి దిగాను.

"అంతయ్య గారూ, ఏంటిది? ఎక్కడి నుంచి?"

"ఎల్బీనగర్ పోయి ఒస్తున్న సారు."

"నడిచా?"

"ఎక్కనని ఒట్టేసిన గద. చేత పట్టుకుంటే ఏం గాదు." నవ్వాడు. మునుపటి నవ్వు కాదు అది. "ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు. నువ్వు మంచిగున్నవా సారు? ఒక్కనివే పోతున్నవా?"

"వెళ్తున్నాను" అని అబద్ధం చెప్పాను.

ఆయన ఆ ఇనుప కొక్కేల సైకిలు తోసుకుంటూ మంచులోకి వెళ్ళిపోయాడు. ఆటోలో కోటేశ్వరమ్మ చాలాసేపు వెనక్కి తిరిగి చూసింది. "అల్మాస్‌గూడ నుంచి ఎల్బీనగర్‌కి రానూపోనూ ఎంతండీ? ఆ పెద్దాయన చేత సైకిలు మాన్పించాలని ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ, వాళ్ళకి పుణ్యం ఉండదు" అంది. గుడిలో ఆ రోజు నాకు దండం పెట్టుకోబుద్ధి కాలేదు.

జనవరి అంతా ఆయన అలాగే నడిచాడని తర్వాత తెలిసింది. రోజూ మూడు గంటలు. సైకిలు మీద కూర్చుంటే మోకాళ్ళ మీద బరువు పడదు, నడిస్తే పడుతుంది. డెబ్బై దాటిన మనిషి, పక్కన సైకిలు తోస్తూ, ఒక వైపుకి ఒరిగి నడిస్తే ఇంకా పడుతుంది. ఫిబ్రవరికల్లా రెండు మోకాళ్ళూ వాచి, మంచం దిగడం కష్టమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎముకల డాక్టరుకి చూపించారు. డాక్టరు ఎక్స్‌రేలు చూసి, నడక బాగా తగ్గించమని, వాపు తగ్గాక రోజూ కాసేపు సైకిలు తొక్కితే కీళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయని చెప్పాడట. ధనరాజ్ ఫోన్లో నాకీ మాట చెబుతూ ఏడ్చాడు. "మేమే చేసినం సార్" అన్నాడు. మీరు కాదు, నేను చేశాను అని చెప్పాల్సింది అప్పుడే. అనలేదు.

ఇంటిల్లిపాదీ బతిమాలారు. ధనరాజ్ తేలికపాటి కొత్త సైకిలు కొనుక్కొచ్చి వరండాలో పెట్టాడు. సాయిప్రియకి విషయం అర్థమై, తాత ముందు నిలబడి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసిన తాతా, నువ్వు ఎక్కు" అని ఏడ్చింది. పిల్లలు ఆడుకునేటప్పుడు అలా అంటే ఒట్టు తీరిపోతుంది. అంతయ్యకి తీరలేదు. "నువ్వు తీస్తే పోయేదైతే నేను ఎందుకు ఎయ్యాలె బిడ్డా. నీ పాణం కన్న నాకు సైకిల్ ఎక్కువనా" అని పిల్లని దగ్గరికి తీసుకున్నాడట. కృష్ణమ్మ తిట్టిందట, పంతుల్ని పిలిపించి ఒట్టుకి పరిహారం ఉందని చెప్పించిందట. ఆయన అన్నీ విని, పంతులుకి దక్షిణ ఇచ్చి పంపించాడు. సైకిలు మాత్రం ఎక్కలేదు.

ఆ ఏడాది ఎండాకాలం, వానాకాలం నేను అల్మాస్‌గూడ వైపు వెళ్ళలేదు. ఫోను కూడా తగ్గించాను. ఏదో ఒక వంక దొరికేది. మొన్న నవంబరులో మళ్ళీ చలి మొదలైంది. అయిదున్నరకి మెలకువ వచ్చేది. గేటు దగ్గర ఎవరూ బెల్లు కొట్టరని తెలుసు, అయినా చెవులు అటే ఉండేవి. దుప్పటిలో పడుకుని ఆ చలి అంతా ఊరికే పోతోందని బాధపడేవాణ్ణి. నాలుగు నెలల చలికాలం ఆయన ఏడాదంతా ఎదురుచూసేది. అలాంటివి ఇంకెన్ని మిగిలాయి ఆయనకి? దాన్ని నా మోకాళ్ళ సిగ్గుకోసం లాక్కున్నాను. ఒకరోజు పొద్దున్నే ఉండబట్టలేక బయల్దేరాను. సైకిలు మీద వెళ్ళడానికి మొహం చెల్లక ఆటో ఎక్కాను.

అంతయ్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు సగానికి తగ్గింది. మఫ్లరు చుట్టుకున్నాడు, కాళ్ళ మీద రగ్గు. పాలవ్యాను వీధిలోంచి పోతుంటే మెడ తిప్పి అది కనుమరుగయ్యే దాకా చూశాడు. నన్ను చూడగానే లేవబోయాడు, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. "రా సారు, రా. చలిల ఎందుకొచ్చినవ్?" అని కృష్ణమ్మని టీ పెట్టమన్నాడు.

టీ వచ్చే దాకా ఆగితే ధైర్యం పోతుందని తెలుసు. "అంతయ్య గారూ, ఒట్టు వేయించమని ధనరాజ్‌కి చెప్పింది నేనే" అన్నాను.

"ఎరికే" అన్నాడు.

"ఎలా?"

"కల్లు ఒట్టు సంగతి నీకొక్కనికే చెప్పిన గద సారు. పోరి చెయ్యి పట్టుకోంగనే ఎరికైంది. నిన్ను సూస్తే నువ్వు గిన్నెల మొఖం పెట్టుకుంటివి."

అంటే ఏడాది నుంచీ ఆయనకి తెలుసు. మంచులో సైకిలు తోసుకుంటూ, నువ్వు మంచిగున్నవా సారు అని అడిగినప్పుడు కూడా తెలుసు. తల ఎత్తలేకపోయాను. మిగతాది కూడా చెప్పేశాను. నా మోకాళ్ళు, ఊడని లేసు, రాని ఫోను, ఆయన ఫ్లైఓవరు మీద నాకోసం ఆగితే నాకు చిన్నతనంగా అనిపించడం, నేను మానేస్తానని చెప్పుకోలేక ఆయన చేత మాన్పించడం. అరవై అయిదేళ్ళొచ్చాక ఒకళ్ళ ముందు అంతలా ఏడవడం నాకదే మొదలు.

తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన రగ్గు మీద చేతులు పెట్టుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. మంచు అప్పుడే విడుతోంది.

"ఒక్క మాట నాకు చెప్తే అయిపోతుండె గద సారు" అన్నాడు చివరికి. "నేను మెల్లగ తొక్కెటోణ్ణి."

కృష్ణమ్మ టీ తెచ్చింది. ఆయన నా కప్పు అందుకుని, నా చేతికిచ్చి, చల్లారకముందే తాగమన్నాడు.